గులాబీ సాటిన్ అస్తరు

మేం వలస వచ్చి ఉంటున్న ఈ తాపీ ఒడ్డు కోసాడ్ కాలనీలో ఒక మాట ఇప్పటికీ తిరుగుతోంది. మా కింది అంతస్తు అమ్మాయి చెవులను సాంచాలు తినేశాయని. సాంచా అంటే మా సిరిసిల్ల వైపు మరమగ్గం. ఆ మాటను ఎవరూ ఎగతాళిగా అనరు. నీళ్ళ బిందె ఎత్తుకుంటూ, కూరగాయల బండి దగ్గర నిలబడి, పాపం అన్నట్టుగా అంటారు. దాన్ని మొదట అన్నవాణ్ణి నేను. ఆ అమ్మాయి చెవులకు ఏమీ కాలేదు. ఈ సంగతి చెప్పవలసిన వాళ్ళ ముందు చెప్పాను. కానీ నేను చెప్పింది పిల్లలు బాక్సింగ్ నేర్చుకునే హాలు గుమ్మం దాటి రాలేదు. మొదటి మాట మాత్రం మా మెట్లు ఎక్కుతూ దిగుతూనే ఉంది. అందుకని రాస్తున్నాను.

పేర్లు రాయను. నా కూతురిని బిడ్డ అంటాను. ఆ అమ్మాయిని నేస్తం అంటాను, ఎందుకంటే నా బిడ్డకు ఆమె అంతే. ఇద్దరూ ఒకే మెట్ల మీద ఆడుకుని పెరిగారు. నేస్తం తండ్రిది మా పక్క ఊరు, నేను మగ్గాలు బాగుచేసే షెడ్డులోనే ఆయన నేస్తాడు. ఆ వరసన ఆ పిల్ల నన్ను మామా అంటుంది.

కళ్ళు మూసుకుంటే నాకు ముందు ఆ హాలు కనిపిస్తుంది. అది ఒకప్పుడు సాంచాల షెడ్డే. యజమాని పల్సానా వైపు పెద్ద షెడ్డు కట్టి మగ్గాలన్నీ అటు తరలించుకుపోతే, ఖాళీ అయిన చోట ఒక ఉస్తాద్ పిల్లలకు బాక్సింగ్ నేర్పడం మొదలుపెట్టాడు. నేలలో మగ్గాలు బిగించిన బోల్టుల గుంతలు అలాగే ఉండేవి. వాటి మీద పాత తివాచీలు పరిచి, నాలుగు ఇనుప స్తంభాలకు తాళ్ళు కట్టి, ఇదే రింగు అన్నాడు. పైకప్పు దూలాలకు ఏళ్ళుగా పట్టిన నూగు, పిల్లలు బస్తాను గుద్దినప్పుడల్లా కొంచెం రాలేది. సాయంత్రపు ఎండ కిటికీలోంచి ఏటవాలుగా పడితే ఆ నూగు కిందికి దిగడం మరిచిపోయి వెలుతురులోనే తేలుతూ ఉండేది. పని నుంచి వస్తూ నేను అక్కడ ఒక స్టూలు మీద కూర్చునేవాణ్ణి. మగ్గాలు లేని ఆ షెడ్డులో నాకు మగ్గాల చప్పుడు వినిపించేది. అది నా చెవుల్లోనే ఉందని తెలుసు. సాంచాలు ఎవరి చెవులనైనా తిన్నాయంటే అవి నావి.

ఒక రోజు ఉస్తాద్ ఇద్దరు అమ్మాయిలనూ పిలిచి, ఇక బస్తాలు చాలు, ఒకరితో ఒకరు ఆడాలి అన్నాడు. దానికి కావలసినవి తెచ్చుకోమన్నాడు. బస్తాను కొట్టే గ్లౌజులు వేరు, మనిషిని కొట్టే గ్లౌజులు వేరు, మనిషి కోసం లావుగా ఉండాలి. పళ్ళకు అడ్డం ఒకటి. తలకు హెడ్‌గార్డు.

చౌక్ వైపు ఒక మేడ మీది దుకాణానికి ముగ్గురం వెళ్ళాం. ఎండాకాలం మధ్యాహ్నం. కిటికీకి నీలం పరదా కట్టి ఉండటంతో లోపల వెలుతురు నీళ్ళ అడుగున ఉన్నట్టుగా ఉంది. తోలు, రబ్బరు, కొత్త ప్లాస్టిక్ కలిసిన వాసన. పైనుంచి జతలు జతలుగా గ్లౌజులు వేలాడుతున్నాయి, ఫ్యాను గాలికి ఒకదాన్నొకటి మెల్లగా తాకుతూ. ఎంత నెమ్మదిగా కొట్టుకుంటున్నాయో అనిపించింది.

చేతికి చుట్టుకునే పట్టీలు నేను ఏరాను. నూలు పట్టీలు, కొంచెం సాగే నేత. అవి ఈనాటికీ పోగు లేవలేదు. ఆ పట్టీలతో నాకు ధైర్యం వచ్చింది. హెడ్‌గార్డుల దగ్గరికి వచ్చేసరికి ఒకదాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి చూసి, అదే బాగుందనుకున్నాను. మేం బట్టను అలాగే చూస్తాం. కంటితో కాదు.

"గిది చూడు బిడ్డా, ఎంత మెత్తగుందో."

నేస్తం దాన్ని నా చేతిలోంచి తీసుకుని నొక్కింది. ఆమె వేలు అవతలి వైపు దాకా దిగిపోయింది.

"మామా, మనం పరుపు కొన వచ్చినమా?"

"నువ్వు ఊకో. నువ్వు పుట్టకముందు సంది బట్ట పట్టి చూస్తున్న చెయ్యి ఇది."

"బట్ట ఎవల్ని గుద్దది గద మామా."

దుకాణదారుకు తెలుగు రాదు గానీ ఆమె వేలు చూసి నవ్వాడు. "ఛోకరీ బరాబర్ బోలే ఛే," అన్నాడు. పిల్ల సరిగ్గానే చెబుతోందని.

ఆమె గట్టిగా ఉన్న మరొకదాన్ని తీసి నా బిడ్డ తలకు తొడిగింది. గడ్డం కింద పట్టీ బిగించింది. తర్వాత రెండు చెంపల దగ్గరా చేతులు వేసి, మూత తిప్పినట్టు అటూ ఇటూ తిప్పబోయింది. హెడ్‌గార్డుతోపాటు తల కూడా తిరిగింది.

"అబ్బా, మెడ పోయిందే," అంది నా బిడ్డ.

"మెడ పోనీ. గిది తిరగొద్దు. తిరిగితే కన్ను మూస్కపోతది. కన్ను మూస్కపోతే నా చెయ్యి ఏడికెల్లి వస్తుందో నీకెర్కుంటదా?"

"నీ చెయ్యి ఏడికెల్లి వచ్చినా నాకెర్కే."

"పెద్ద మొనగత్తెవు. పక్కకు చూడు. నా వేలు కనబడుతుందా?"

"గోళ్ళల్ల మట్టి సుత కనబడుతుంది."

అదే కొన్నాం, నేస్తానికీ అలాంటిదే. దాని లోపలి భాగం గరుకు తోలు, పిల్లి నాలుకలాగా. ఇంత గరుకెందుకని అడిగితే దుకాణదారు హిందీలో చెప్పాడు, చెమట పట్టాక కూడా తలను పట్టుకుని ఉండాలి కదా అని. నేను విన్నాను. తల కూడా ఊపాను.

ఆ రాత్రి మా ఇంట్లో పళ్ళకు పెట్టుకునేదాన్ని వేడినీళ్ళలో ముంచి, మెత్తబడ్డాక ఇద్దరూ కొరికారు. అలా కొరికితే అది ఆ నోటికే సొంతమవుతుంది, ఇంకెవరికీ పనికిరాదు. నోట్లో అవి పెట్టుకునే ఒకరినొకరు తిట్టుకుంటూ, ఏం తిట్టుకున్నదీ అర్థంకాక నవ్వి నవ్వి గోడకు ఒరిగిపోయారు. ఆ నవ్వు నాకు ఇప్పుడు కలలో విన్నట్టుగా గుర్తు, మాటలు లేకుండా.

కొన్నాళ్ళకు నా బిడ్డ నుదుటి మీద ఎర్రని చార పడింది. కొత్త తోలు రాపిడి. నా భార్యకు అది సహించలేదు.

"ఆడపిల్ల మొకం మీద గిదేంది? దునియా మొత్తానికి నున్నటి బట్ట పంపుతవు. నీ బిడ్డ నెత్తికి జర మెత్తటిది దొరకలేదా?"

దొరికింది. అప్పుడు మా షెడ్డులో గులాబీ రంగు సాటిన్ దిగుతోంది. మగ్గం మీది నుంచి దిగేటప్పుడు చూస్తే అది బట్టలాగా ఉండదు, పొద్దున తాపీ నది మీద వెలుతురులాగా ఉంటుంది, జారుతూ. బట్ట తాను చివర మిగిలిన ముక్క తీసుకున్నాను. మధ్యాహ్నం భోజనాల వేళ మగ్గాలు ఆగినప్పుడు కిటికీ పక్కన కూర్చుని, హెడ్‌గార్డు లోపల ఆ ముక్కను నా చేత్తో కుట్టాను. చెంపల దగ్గర మలిచి, చెవుల దగ్గర గుండ్రంగా కత్తిరించి. సూది పట్టడం నాకు బాగా వచ్చు. లోపల వేళ్ళు పెడితే కాలువ నీళ్ళలో పెట్టినట్టు ఉంది. ఇన్నేళ్ళుగా ఎవరెవరి ఒంటికో పోయిన నున్నదనం ఇవాళ నా బిడ్డ నుదుటికి వచ్చిందని సంతోషపడ్డాను. అంత శ్రద్ధగా నేను చేసిన పనులు జీవితంలో తక్కువ.

ఇంటికి తెస్తే బిడ్డ తొడుక్కుని కళ్ళు మూసుకుంది.

"బాపూ, గిది బాక్సింగ్‌కా, పెండ్లికా?"

"ఎట్లుందో చెప్పు."

"సల్లగుంది బాపూ."

మర్నాడు సాయంత్రం ఇద్దరూ రింగులోకి దిగారు. నేను నా స్టూలు మీద ఉన్నాను. ఉస్తాద్ కాసేపు వాళ్ళను చూసి, ఇంకో పిల్లకు చేతి పట్టీ చుడుతూ అటు తిరిగాడు. వాళ్ళు బాగా ఆడుతున్నారు. కాళ్ళు తివాచీ మీద ఆడుతుంటే అది కొట్లాటలా లేదు, ఇద్దరూ కలిసి ఏదో మగ్గం తొక్కుతున్నట్టు ఉంది. చెమట పట్టింది. నేస్తం చెయ్యి పక్కనుంచి వచ్చి హెడ్‌గార్డుకు తగిలింది, గట్టిగా కూడా కాదు. హెడ్‌గార్డు తల మీద తిరిగింది. తల తిరగలేదు.

చెంప భాగం వచ్చి ఒక కంటిని మూసింది. నా కుట్టు ఒకచోట వదులై అస్తరు అంచు రెండో కంటి మీద పడింది. నా బిడ్డ దాన్ని సర్దుకోవడానికి చెయ్యి పైకెత్తింది, మొహాన్ని వదిలేసి. అప్పటికే అవతలి నుంచి రెండో దెబ్బ బయలుదేరింది. దాన్ని వెనక్కి పిలవడం ఎవరి తరమూ కాదు.

ఆ చప్పుడుకు ఉస్తాద్ ఇటు తిరిగాడు. తిరిగి, "బస్" అని అరిచాడు. ఆ హాల్లో ఆగమనడానికి మాట అదే. ముందు దెబ్బ, తర్వాత బస్. జరిగిన వరస ఇది.

కనుబొమ మీద చీలింది. ఆస్పత్రిలో లోపల కుట్లు వేస్తుంటే నేను బయట బల్ల మీద కూర్చున్నాను, ఒళ్ళో హెడ్‌గార్డుతో. మగ్గాల పనివాణ్ణి కాబట్టి చొక్కా జేబులో చిన్న కత్తెర ఎప్పుడూ ఉంటుంది. ఆ కత్తెర తీసి ఒక్కొక్క కుట్టూ తెంపాను. ఎందుకు చేస్తున్నానో నాకు నేను చెప్పుకోలేదు. అస్తరును మడిచి జేబులో పెట్టుకున్నాక, లోపలి గరుకు తోలు మళ్ళీ బయటపడింది, అక్కడ ఎప్పుడూ ఏమీ లేనట్టు. నా చేతులు ముందు అబద్ధమాడాయి. నోటి వంతు తర్వాత వచ్చింది.

ఉస్తాద్ నేస్తాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ పిల్ల చేతులకు పట్టీలు ఇంకా విప్పలేదు. ఉస్తాద్ ముఖంలో భయం ఉంది. పిల్లలను చూడకుండా అటు తిరిగినవాడు తనే కదా.

"మాస్టర్, నేను బస్ అన్నాను. ముందు అన్నానా, తర్వాత అన్నానా?" అని నన్ను హిందీలో అడిగాడు. మగ్గాలు బాగుచేసేవాణ్ణని నన్ను మాస్టర్ అనే పిలుస్తాడు.

అతనికి నిజంగా తెలియదు. చెప్పగలిగేవాణ్ణి నేనొక్కణ్ణే. అతని ప్రశ్నలోనే రెండు దారులు ఉన్నాయి, ఒకటి నా కుట్టు దగ్గరికి పోతుంది.

"ముందే అన్నవ్ ఉస్తాద్," అన్నాను, నేనూ హిందీలోనే.

నేస్తం నా వైపు చూసింది. "నాకు ఇనబడలే మామా."

ఆమెకు వినపడకపోవడం నిజం. లేని మాట ఎలా వినపడుతుంది? ఆమె మొహం చూస్తే నాకు జాలి వేసింది. అవును, ఆ క్షణంలో వేసింది జాలే. ఆ జాలితోనే మళ్ళీ అతని భాషలో అన్నాను:

"పిల్లను ఏమనకు ఉస్తాద్. సాంచాల చప్పుట్ల పుట్టిన పిల్ల. మా వాళ్ళల్ల సగం మందికి ఇనబడది. దాని తప్పేం లేదు."

మగ్గం ఎక్కించేటప్పుడు పక్కపక్కనున్న రెండు పోగుల వరస మారితే, బట్ట చివరి దాకా గీత పడుతుంది. నేను మార్చింది రెండు సంగతుల వరస.

తప్పుపట్టి ఉంటే ఆమె ఎదురు తిరిగేది. జాలిపడితే ఏం చేస్తుంది? తల్లి చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. బాగానే ఉన్నాయన్నాడాయన. తలుపులు మూసిన గదిలో ఎవరికైనా ఇనబడతది, చప్పుట్ల ఇనబడాలె గద అంది తల్లి. ఉస్తాద్ కూడా అదే అన్నాడు. బస్ అంటే ఆగలేని పిల్లను రింగులోకి పంపలేనని, బస్తా కొట్టుకోమని, తాడు ఆడుకోమని. కొన్నాళ్ళు కొట్టింది. తర్వాత రావడం మానేసింది. చప్పుడు లేని చోటని తల్లి కతర్‌గామ్‌లో రాళ్ళు ఏరే గదిలో పనికి పెట్టించింది. రాళ్ళంటే వజ్రాలు. దీపం కింద తల వంచుకుని చేసే పని.

నా బిడ్డ కుట్లు విప్పాక నాతో ఒక సంగతి చెప్పింది.

"బాపూ, గప్పుడు ఒక కంట్ల చీకటి. ఇంకో కంట్ల అంతా గులాబి రంగు. పండుగ లెక్క ఉండె. గదేంది బాపూ?"

"దెబ్బ తగిలితే రంగులు కనబడతయ్ బిడ్డా."

నమ్మింది. అస్తరు ఏమైందని అడిగితే నెత్తురంటింది, పారేశానన్నాను. అదీ నమ్మింది. నేస్తం మీద ఆమెకు కోపం లేదు. కానీ నేస్తం మా గడప తొక్కలేదు. మెట్ల మీద ఎదురైతే ఇద్దరూ ఒకరికొకరు దారి ఇచ్చుకునేవాళ్ళు, కొత్తవాళ్ళలాగా.

రెండు వానాకాలాలు అలాగే పోయాయి. అస్తరు నా పాత చొక్కాల మధ్య ఉండేది. ఒక్కోసారి నిద్రలో నేను ఆ సాటిన్ తాను వెంట నడిచేవాణ్ణి. అది మగ్గం దిగి, మెట్లు దిగి, రోడ్డు మీద గులాబీగా పరుచుకుంటూ పోయేది. దాని చివర ఏముందో చూడకముందే మెలకువ వచ్చేది.

పోయిన చలికాలం ఒక ఉదయం అమ్రోలి దగ్గర రోడ్డు దాటబోతూ నేస్తాన్ని చూశాను. పనికి పోతోంది. కొంచెం మంచు ఉంది. రోడ్డు దాదాపు ఖాళీ. ఎక్కడో చాలా దూరాన ఒక లారీ చప్పుడు. నాకే అది అందీ అందనట్టు వినిపించింది. ఆ పిల్ల అంచున నిలబడి ఉంది, అడుగు వేయకుండా. నన్ను చూసి నవ్వింది. నా మోచెయ్యి పట్టుకుంది.

"మామా, ఏదో బండి వస్తుంది గద? దగ్గర్ల ఉన్నదా, దూరం ఉన్నదా?"

"దూరం ఉన్నది బిడ్డా."

"నాకు సుత దూరమే అనిపించింది. కని నా చెవులను నమ్మలేను గద."

ఇద్దరం దాటాం. అవతలికి చేరాక చెయ్యి వదిలి, చున్నీ సర్దుకుని మంచులోకి వెళ్ళిపోయింది. మనిషికి గాలి ఎంతో తన చెవి మీద నమ్మకం అంత. దాన్ని నేను ఆమె నుంచి తీసుకున్నాను, పోనీలే పాపం అంటూ తీసుకున్నాను.

ఆ రోజు పనికి పోలేదు. ఇంటికి వచ్చి అటక మీది పాత హెడ్‌గార్డు దింపి, చొక్కాల మధ్య నుంచి అస్తరు తీసి, పాత సూది రంధ్రాల్లోనే మళ్ళీ కుట్టాను. ఎక్కడ వదులు ఉండేదో అక్కడ వదులుగానే వదిలాను. నా భార్య చూసింది. దారం అందించింది.

సాయంత్రం నేస్తం ఇంటికి పోయి, ఒకసారి హాలుకు రమ్మన్నాను.

"గక్కడ నాకేం పని మామా?"

"నీకు లేదు. నాకున్నది."

హాల్లో వెలుతురు అలాగే ఉంది, నూగు అలాగే తేలుతోంది. ఉస్తాద్ ఉన్నాడు, నా బిడ్డ ఉంది, ఇంకా కొందరు పిల్లలు. అందరి ముందూ హెడ్‌గార్డు తిరగేసి లోపల చూపించాను. ఎప్పుడు కుట్టానో, ఎక్కడ తెంపానో చెప్పాను. ముందు దెబ్బ, తర్వాత బస్ అని చెప్పాను. మొదట తెలుగులో, తర్వాత ఉస్తాద్ కోసం హిందీలో. రెండోసారి చెప్పడమే కష్టమైంది. ఉస్తాద్ హెడ్‌గార్డు తీసుకుని లోపల బొటనవేలితో ఒకసారి రాసి, నా మొహం వైపు చూడకుండా తిరిగి ఇచ్చేశాడు.

నా బిడ్డ అస్తరును చూస్తూ నిలబడింది.

"రంగులు కనబడతయ్ అన్నవ్ గద బాపూ," అంది.

నేస్తం మాత్రం ఒకటే అడిగింది. "తర్వాతనా మామా? బస్ అన్నది తర్వాతనా?"

"తర్వాతనే."

"అంటే నేను మంచిగనే ఇన్న."

"మంచిగనే ఇన్నవ్ బిడ్డా."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. గోడకు వేలాడుతున్న గ్లౌజులు తీసుకుని చేతులకు ఎక్కించుకుంది. లావుగా ఉండేవి, మనిషి కోసం ఉన్నవి. పళ్ళతో పట్టీ లాగి బిగించుకుంది.

"నెత్తికి పెట్టుకో మామా."

పెట్టుకున్నాను. గడ్డం కింద పట్టీ నా బిడ్డ బిగించింది, కొంచెం ఎక్కువగానే. లోపల సాటిన్ చల్లగా ఉంది. తాళ్ళ మధ్యకు పోయి నిలబడ్డాను, చేతులు కిందికి వదిలేసి.

"ఉస్తాద్, ఎప్పుడంటవో నీ ఇష్టం," అంది నేస్తం హిందీలో. తర్వాత పక్కనుంచి ఒక దెబ్బ వేసింది. తట్టినట్టే. హెడ్‌గార్డు తిరిగిపోయింది.

ఒక కంట్లో చీకటి. రెండో కంట్లో గులాబీ. నా బిడ్డ చెప్పింది నిజమే, పండుగలాగా ఉంది. ఎండ ఆ బట్టలోంచి వస్తూ, నేను నేయించిన ప్రతి పోగూ విడివిడిగా కనిపిస్తూ. ఎదుట మనిషి లేదు, చెయ్యి లేదు. తివాచీ మీద కాళ్ళ చప్పుడు మాత్రం, ఒకసారి ఎడమ పక్క, ఒకసారి కుడి పక్క. నా చెవుల్లో మగ్గాలు ఆడుతున్నాయి. వాటి కింద ఏదైనా వినపడుతుందేమోనని నేను ఊపిరి బిగబట్టి ఎదురుచూశాను. ఏదో గాలి నా మొహం మీదికి వచ్చింది.

"బస్."

ఉస్తాద్ అరవలేదు. పక్కవాడితో అన్నంత మెల్లగా అన్నాడు. నాకే అది మగ్గాల కింది నుంచి, చాలా దూరం నుంచి వచ్చినట్టు వినిపించింది.

దెబ్బ రాలేదు. నా ముక్కు చివర తోలు వాసన నిలబడి ఉంది, కదలకుండా. అది ఎంత దగ్గర ఆగిందో నేను చూడలేదు. గడ్డం కింద పట్టీని ఎవరూ విప్పలేదు. నేనూ విప్పుకోలేదు. ఆ గులాబీ వెలుతురులో నిలబడి, రెండు జతల కాళ్ళు నాకు దూరంగా, రింగు అవతలి మూలకు పోవడం విన్నాను. అక్కడ ఇద్దరు ఆడపిల్లలు ఏదో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఏమిటన్నది నా చెవులకు అందలేదు.